లాటిన్ సబ్జెక్ట్ పోయిన పునీతుడు

సెకండియర్ రిజల్ట్స్ వచ్చిన రోజు మా హాస్టల్ రూమ్‌లో నలుగురం ఉన్నాం. ముగ్గురూ ఆల్ క్లియర్. నాకు మాత్రం మ్యాథ్స్, సిగ్నల్స్ రెండూ పోయాయి. ఆ రాత్రి నాన్న ఫోన్ చేసి అడిగితే, అన్నీ పాసయ్యానని చెప్పేశాను. ముందే అనుకుని చెప్పింది కాదు, నోట్లోంచి అలా వచ్చేసింది. ఆ తర్వాత ఆ అబద్ధాన్ని మోయడం నాకు మూడో సబ్జెక్ట్ అయి కూర్చుంది.

మాది గుంటూరు వైపు ఒక కతోలిక కుటుంబం. మా ఊరి గుడిలో ఒక బక్కపలచని ముసలి ఫాదర్ పటం ఉంటుంది. బుగ్గలు లోపలికి పోయి, తెల్లజుట్టు భుజాలమీద పడుతూ ఉంటుంది. చిన్నప్పట్నుంచీ చూస్తున్నా ఆయనెవరో ఎప్పుడూ పట్టించుకోలేదు. ఆగస్టులో ఇంటికెళ్లినప్పుడు ఆయన పండగ వచ్చింది. మా నాయనమ్మ పెట్టెలోంచి ఆయన జీవితం మీద ఒక పాత పుస్తకం తీసి చేతిలో పెట్టింది. చూపు ఆనడంలేదు, చదివి వినిపించమంది. ఏదో మొక్కుబడిగా మొదలుపెట్టినవాణ్ణి, పది పేజీలు దాటేసరికి నా కథే చదువుతున్నట్టు అనిపించి గొంతు తడబడింది.

ఆయన పేరు జాన్ మరియ వియాన్నీ. 1786 మే 8న ఫ్రాన్స్‌లో లియోన్ నగరం దగ్గర దార్దిల్లీ అనే పల్లెలో, ఒక రైతు ఇంట్లో పుట్టాడు. ఆయనకి మూడేళ్లు వచ్చేసరికి ఫ్రెంచి విప్లవం మొదలైంది. ప్రభుత్వం చెప్పిన ప్రమాణం చెయ్యని గురువులు ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని, మారువేషాల్లో, రాత్రిళ్లు ఇళ్లల్లో పూజలు చేసేవాళ్లు. 13 ఏళ్ల వయసులో ఆయన మొదటి దివ్యసత్ప్రసాదం తీసుకున్నది కూడా అలా దొంగచాటుగానే. లోపలి కొవ్వొత్తుల వెలుగు బయటికి కనపడకుండా కిటికీల ముందు గడ్డిబండ్లు నిలబెట్టారట. దేవుడి కోసం భయం లేకుండా నిలబడినవాళ్లని చూస్తూ పెరిగిన పిల్లాడు తనూ గురువు కావాలనుకోవడంలో వింతేముంది?

వింతంతా చదువు దగ్గర వచ్చింది. పొలం పనుల్లో పడి బడికి వెళ్లింది తక్కువ. 20 ఏళ్ల వయసులో ఎకుల్లీ విచారణ గురువు ఫాదర్ బల్లే దగ్గర లాటిన్ మొదలుపెట్టాడు. పక్కన కూర్చున్నవాళ్లంతా చిన్నపిల్లలు. వాళ్లకి ఇట్టే వచ్చేది ఈయన బుర్రకి ఎక్కేది కాదు. ఆ పిల్లల్లో మథియాస్ లోరాస్ అనే తెలివైన కుర్రాడు ఈయనకి చెప్పీ చెప్పీ విసుగెత్తి ఒకసారి చెంపమీద కొట్టాడట. తనకంటే ఎంతో చిన్నవాడి ముందు వియాన్నీ మోకరించి క్షమాపణ అడిగాడు. ఆ కుర్రాడు ఏడ్చేశాడు, ఇద్దరూ జీవితాంతం స్నేహితులయ్యారు. లోరాస్ తర్వాత అమెరికాలో బిషప్ అయ్యాడు.

ఈలోగా 1809లో నెపోలియన్ సైన్యంలోకి పిలుపొచ్చింది. జబ్బుపడి వెనకబడి, దారి తప్పి, చివరికి ల నోయ్ అనే కొండ ఊళ్లో మారుపేరుతో ఏడాదికి పైగా దాక్కున్నాడు. క్షమాభిక్ష ప్రకటించాక, తమ్ముడు ఆయన బదులు సైన్యంలో చేరాక గానీ ఇల్లు చేరలేదు. పునీతుడు కూడా ఒకప్పుడు పారిపోయి దాక్కున్నవాడే అని చదివినప్పుడు నేను కాసేపు పుస్తకం మూసేశాను. నాయనమ్మ నిద్రొస్తోందా అని అడిగింది. లేదన్నాను.

1813లో లియోన్ గురు విద్యాలయంలో చేరాడు. పాఠాలన్నీ లాటిన్‌లోనే. కొన్ని నెలలకే నీవల్ల కాదని పంపించేశారు. మన భాషలో చెప్పాలంటే డీటెయిన్ చేశారన్నమాట. ఫాదర్ బల్లే వదల్లేదు. మళ్లీ చదివించాడు, మళ్లీ పరీక్షకి పంపాడు. పెద్దల ముందు నిలబడేసరికి భయంతో నోరు పెగల్లేదు. చివరికి బల్లే బతిమాలితే ఫ్రెంచిలో అడిగారు. ఈసారి జవాబులు సరిగ్గా చెప్పాడు. ఇతనిలో చదువు తక్కువైనా భక్తి ఉంది, మిగతాది దేవుడు చూసుకుంటాడని పీఠం పెద్దలు ఒప్పుకున్నారు. 1815 ఆగస్టు 13న, 29 ఏళ్ల వయసులో గ్రెనోబుల్‌లో గురువయ్యాడు. అప్పుడు కూడా పాపసంకీర్తనలు వినే అనుమతి వెంటనే ఇవ్వలేదు. ఆ మాట గుర్తుపెట్టుకోండి.

1818లో ఆయన్ని ఆర్స్ అనే ఊరికి పంపారు. మొత్తం జనాభా 230. గుడి ఖాళీ, సారా కొట్లు మాత్రం కిటకిట. అక్కడే ఆయన ప్రసంగాలు మొదలయ్యాయి. వారమంతా గుడి పక్క గదిలో కూర్చుని, పాత ప్రసంగాల పుస్తకాలు ముందేసుకుని, పేజీలకి పేజీలు రాసేవాడు. రాసింది బట్టీ పట్టేవాడు. ఆదివారం వేదిక ఎక్కాక మధ్యలో మర్చిపోయి, ఏం చెప్పాలో తెలీక దిగిపోయిన రోజులూ ఉన్నాయి. సెమినార్ ప్రెజెంటేషన్‌లో స్లైడ్ మర్చిపోయి నిలబడ్డవాళ్లకి ఆ బాధ తెలుస్తుంది. మళ్లీ వారం ఆయన మళ్లీ ఎక్కేవాడు.

హాస్టల్‌కి వచ్చాక ఆ ప్రసంగాలు కొన్ని ఇంగ్లీషులో వెతికి చదివాను. నిజం చెప్పాలంటే మొదట్లోవి చాలా కటువుగా ఉన్నాయి. తాగుడు, నాట్యాలు, ఆదివారం పొలం పనులు, అన్నిటిమీదా నిప్పులే. నాట్యం ఆపనివాళ్లకి పాపవిమోచనం కూడా ఇచ్చేవాడు కాదు. ఈ రోజు ఎవరైనా అలా మాట్లాడితే నేనైతే లేచి బయటికి వెళ్లిపోతాను. కానీ వయసు పెరిగేకొద్దీ ఆ గొంతు మారింది. రాయడం మానేసి మాట్లాడటం నేర్చుకున్నాడు. నరకం మాట తగ్గి, దేవుడి ప్రేమ మాట పెరిగింది. పునీతులు కూడా నేర్చుకుంటూ మారతారన్నది నాకు కొత్త సంగతి.

ఆయన చెప్పినవాటిలో నాకు పనికొచ్చినవి చాలా మామూలు విషయాలు. పొద్దున్న లేవగానే ఆ రోజు పనిని దేవుడికి అప్పజెప్పి పొలానికి వెళ్లమనేవాడు. నాకు అది ల్యాబ్‌కి వెళ్లేముందు అరనిమిషం. పక్కవాడి గురించి చెడ్డగా ఊహించి ఊరంతా చెప్పడం ఎంత పెద్ద పాపమో గంటసేపు చెప్పేవాడు. మా క్లాస్ వాట్సాప్ గ్రూప్ చూస్తే ఆ ప్రసంగం ఇంకా పాతబడలేదని తెలుస్తుంది. పెదవులు కదపకుండా గుళ్లో ఊరికే దేవుడి వైపు చూస్తూ కూర్చునే ఒక రైతుని చూసి, ప్రార్థనంటే అదేనని అందరికీ చెప్పేవాడు. ఇంకోటుంది, అది నేను దాటెయ్యాలనుకున్నది. కొన్ని చెప్పి, ఒకటి దాచుకుంటే అది పాపసంకీర్తనే కాదు అన్నది.

చదువురాని గురువని చుట్టుపక్కల గురువులు ఆయన్ని మార్చమని బిషప్‌కి ఉత్తరం తయారుచేశారు. అది పొరపాటున ఆయన చేతికే వచ్చింది. ఆయన చదివి, తనూ ఒక సంతకం పెట్టి పంపించేశాడు! 1824లో పేద ఆడపిల్లల కోసం ఉచితంగా బడి తెరిచాడు. ఉడకబెట్టిన బంగాళాదుంపలు రెండు తిని రోజు గడిపేవాడు. పాపసంకీర్తన వినడానికి అనుమతి దొరకని అదే మనిషి దగ్గరికి, తర్వాత ఏటా వేలమంది ఫ్రాన్స్ నలుమూలల నుంచీ వచ్చేవాళ్లు. రోజుకి 16 గంటల దాకా ఆ ఇరుకు పెట్టెలో కూర్చుని వినేవాడు. లియోన్ స్టేషన్‌లో ఆర్స్ యాత్రికుల కోసం ప్రత్యేకంగా టికెట్ కౌంటర్ పెట్టారట.

అంతటివాడికీ లోపల భయమే. తను ఈ పనికి తగననీ, ఎక్కడో ఏకాంతంగా ప్రార్థన చేసుకోవాలనీ ఆర్స్ వదిలి వెళ్లిపోబోయాడు, ఒకసారి కాదు. 1853లో అర్ధరాత్రి బయల్దేరితే ఊరివాళ్లు గంటలు మోగించి దారికడ్డం నిలబడ్డారు. తిరిగొచ్చి మళ్లీ ఆ పెట్టెలోనే కూర్చున్నాడు. 41 ఏళ్లు అదే ఊళ్లో ఉండి, 1859 ఆగస్టు 4న కన్నుమూశాడు. 1925లో పునీతుడిగా ప్రకటించారు. 1929లో ప్రపంచంలోని విచారణ గురువులందరికీ ఆయన్ని పాలకుడిగా నియమించారు.

ఆయన దగ్గర ప్రార్థిస్తే సప్లీ పాసవుతామని నేను చెప్పడంలేదు. ఆయనకే లాటిన్ చివరిదాకా సరిగ్గా రాలేదు. ఆయన పారిపోయిన ప్రతిసారీ వెనక్కి రావడం మాత్రం నన్ను వదల్లేదు. సెప్టెంబర్‌లో ఒక ఆదివారం, పూజ అయ్యాక, గుడి బయట వేపచెట్టు కింద నిలబడి నాన్నకి ఫోన్ చేశాను. రెండు సబ్జెక్టులు పోయాయనీ, ఆ రోజు అబద్ధం చెప్పాననీ చెప్పాను. నాన్న చాలాసేపు మాట్లాడలేదు. తిడతాడనుకున్నా. సప్లీ ఫీజు కట్టావా, ఆఖరి తేదీ ఎప్పుడు అని మాత్రం అడిగాడు. ఆ గొంతులో బాధ నాకు తెలుస్తూనే ఉంది. అది తిట్టుకంటే ఎక్కువ కొట్టింది.

మ్యాథ్స్ పాసయ్యాను. సిగ్నల్స్ ఇంకా ఉంది. ఈ నవంబర్‌లో మళ్లీ రాస్తున్నాను. ఈసారి హాల్ టికెట్ ఫోటో నాన్నకి ముందే పంపించాను.