జోసెఫ్ ఫూరియే

అరచేతిలో నిముడు ఫోనునందును, గోడంత విశాలమైన తెరమీదను నేడు ఒకే చలనచిత్రమును చూడగలుగుచున్నాము. అది మన యింటికి వచ్చుటకు ముందు దాని పరిమాణమును సాధారణముగా నూఱవ వంతుకంటెను తక్కువకు కుదించుదురు. అయినను కంటికి లోటు కానరాదు. ఈ కుదింపునకు మూలమైన గణితమును కనుగొన్న మహాశయుడు చలనచిత్రమునుగాని, కనీసము విద్యుద్దీపమునుగాని యెఱుగడు. ఆయన ఆలోచించినది వేడిని గూర్చి.

జోసెఫ్ ఫూరియే 1768 వ సంవత్సరము మార్చి 21 వ తేదీన ఫ్రాన్సు దేశమందలి ఒసేర్ పట్టణమున జన్మించెను. తండ్రి దర్జీ. సుమారు పదియేండ్ల ప్రాయముననే బాలుడు తల్లిదండ్రుల నిరువురను గోల్పోయెను. దయగలవారి సాయమువలన బెనెడిక్టు సంఘపు సన్యాసులు నడపుచుండిన సైనిక పాఠశాలలో చేరి, అచట గణితమునందు మిక్కిలి ఆసక్తుడయ్యెను. ఇతరులు పాఱవేసిన క్రొవ్వువత్తి ముక్కలను ప్రోగుచేసికొని, అందఱు నిద్రించిన పిమ్మట వాని వెలుతురున లెక్కలు చేసెడివాడని చెప్పుదురు. దీపమాఱిన మఱుక్షణమే పుస్తకము మూయు మన బాలురు ఈ సంగతిని కొంచెము యోచింపవచ్చును.

ఫిరంగిదళమున చేరగోరెను గాని, ఉన్నత వంశీయుడు కానందున నిరాకరింపబడెను. కొంతకాలము మఠమున నుండి, దీక్ష గైకొనకయే 1789 లో వెలువడి, తాను చదివిన పాఠశాలలోనే ఉపాధ్యాయుడయ్యెను. అప్పుడు ఫ్రాన్సున విప్లవము చెలరేగుచుండెను. ఫూరియే స్థానిక విప్లవసంఘమున పనిచేసియు, 1794 లో చెఱసాల పాలయ్యెను. ఆ దినములలో చెఱకును శిరచ్ఛేద యంత్రమునకును దూరము తక్కువ. రోబెస్పియేర్ పతనము కాగానే విడుదల పొంది, మఱుసటి యేడు పారిసులో లగ్రాంజ్, లాప్లాస్, మోంజ్ అను మహాగణితవేత్తలయొద్ద శిష్యుడయ్యెను.

1798 లో నెపోలియన్‌తో ఈజిప్టునకు వెళ్లి, కైరోలో స్థాపింపబడిన విద్వత్సంస్థకు కార్యదర్శిగా పనిచేసెను. 1801 లో తిరిగివచ్చి బోధన సాగింపనెంచెను గాని, నెపోలియన్ ఆయనను గ్రెనోబ్ల్ ముఖ్యపట్టణముగా గల ఇజేర్ మండలమునకు పాలనాధికారిగా నియమించెను. ఫూరియే అచట బూర్గ్వాన్ ప్రాంతపు చిత్తడినేలల నీటిని తీయించెను. టూరిన్ పట్టణమునకు బాట వేయించు పని సాగించెను. ఈ దస్త్రముల నడుమనే ఆయన జీవితములోని గొప్పపని జరిగినది.

ఇనుపకడ్డీ నొకచోట కాల్చినయెడల ఆ వేడి కడమ భాగములకు ఏ క్రమమున వ్యాపించును? ఇది ఆయన ప్రశ్న. కడ్డీపై వేడి యెంత హెచ్చుతగ్గులుగా నున్నను, దానిని నునుపైన అలల మొత్తముగా భావింపవచ్చునని ఆయన కనుగొనెను. చెఱువు నీటిమీద పెద్ద అలపై చిన్న అల, దానిపై సన్నని ముడుత కలసియుండుట మనము చూచుచుందుము గదా! ఆ మిశ్రమమును విడదీసి, ఏ యల యెంత గలదో లెక్కించు మార్గమును ఫూరియే చూపెను. కడ్డీలో సన్నని యలలు శీఘ్రముగను, పెద్దవి మెల్లగను నశించునని కూడ నిరూపించెను.

1807 డిసెంబరులో ఈ సిద్ధాంతమును పారిసు విద్వత్పరిషత్తునకు సమర్పింపగా, గురువైన లగ్రాంజే యడ్డుపడెను. ఒక్కసారిగా విఱిగి పైకి లేచు గీతను నునుపైన అలలతో కట్టుట సాధ్యము కాదని ఆయన వాదము. వ్యాసము అచ్చు కాలేదు. ఫూరియే 1811 లో దానిని పెంచి పందెమునకు పంపెను. బహుమానము వచ్చినది, దానితోపాటు నిష్కర్ష చాలదను ఆక్షేపణయు వచ్చినది, అచ్చుమాత్రము కాలేదు. 1822 లో తన గ్రంథమును ప్రకటించువఱకు పదునైదేండ్లు వేచియుండవలసివచ్చెను. పెద్దలు మూర్ఖులని దీనివలన తలపరాదు. నిరూపణలో నిజముగనే కొఱత యుండెను. దానిని 1829 లో డిరిక్లే యను యువకుడు చాలవఱకు పూరించెను.

ఆ 1822 లోనే ఫూరియే విజ్ఞానపరిషత్తునకు శాశ్వత కార్యదర్శి యయ్యెను. ఈజిప్టునుండి వచ్చినది మొదలు ఆయన చలికి తాళలేక, వెచ్చని గదిలో గూడ దళసరి దుస్తులు ధరించెడివాడట. 1830 మే 16 వ తేదీన పారిసులో కాలధర్మము నొందెను.

ఇక చలనచిత్రము మాట. అడ్డముగ 1920, నిలువుగ 1080 చుక్కలుగల యొక బొమ్మకు, చుక్కకు మూడు బైట్ల చొప్పున 62,20,800 బైట్లు కావలెను. సెకనుకు 25 బొమ్మలన్నచో 15,55,20,000 బైట్లు. ఇంతటి భారమును ఇంటింటికి పంపుట దుస్సాధ్యము. బెంగుళూరున పుట్టి అమెరికాలో ఆచార్యుడైన నాసిర్ అహమ్మదు దీనికి ఉపాయము వెదకుచు 1972 లో అచటి జాతీయ విజ్ఞానసంస్థను ధనసహాయము కోరగా, వారు నిరాకరించిరి. ఆయన మానలేదు. టి. నటరాజన్, కె. ఆర్. రావు గార్లతో కలసి 1974 జనవరిలో తన పద్ధతిని ప్రకటించెను. అది ఫూరియే మార్గమునకు సంతతియే.

ఆ పద్ధతిని వాడువారు బొమ్మను చిన్న గడులుగా, తఱచు ఎనిమిదేసి చుక్కల చదరములుగా విభజించి, ప్రతి గడిని 64 అలల మొత్తముగా వ్రాయుదురు. పెద్ద యలలను జాగ్రత్తగా నిలుపుదురు. కన్ను సరిగా పట్టజాలని సన్నని యలలను ముదుకగా కొలుతురు, లేదా విడిచిపెట్టుదురు. ఒక బొమ్మకును తరువాతి బొమ్మకును గల భేదమునుమాత్రమే పంపుట మఱియొక పొదుపు. చిన్నతెరపై సన్నని యలలు ఎట్లును కానరావు గాన, దానికి చిన్న ప్రతి చాలును. గోడంత తెరకు వానిని నిలిపిన పెద్ద ప్రతి కావలెను. అందువలననే ఒకే చిత్రమును పలు పరిమాణములలో సిద్ధపఱచుదురు.

మితిమీఱి కుదించిన చిత్రమున, తెల్లని నేలపై నల్లని యక్షరముల యంచులయొద్ద సన్నని నీడలవంటి ముడుతలు కనబడును. లగ్రాంజ్ శంకించిన చోటు సరిగా అదియే. విఱిగిన యంచును కొలదిపాటి యలలతో కట్టబోయినపుడు మిగులు దోషమది. దానిని మాపుటకు నేటి పద్ధతులలో ప్రత్యేకమైన వడపోతను చేర్చియున్నారు.