హెన్రీ రాయిస్: ఆరు సిలిండర్ల ఇంజన్‌ని మచ్చిక చేసిన మెకానిక్

హైదరాబాద్ చౌమహల్లా ప్యాలెస్ చూసినవాళ్ళకు అక్కడి పసుపుపచ్చ రోల్స్ రాయిస్ గుర్తుండే ఉంటుంది. 1912 నాటి సిల్వర్ ఘోస్ట్ అది. ఆరవ నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆర్డర్ ఇచ్చారు. 1911లో ఆయన కన్నుమూయడంతో కొడుకు ఉస్మాన్ అలీ ఖాన్ చేతికి వచ్చింది. అందరూ దాని రాజఠీవి చూస్తారు. బానెట్ కింద వరుసగా నిలబడ్డ ఆరు సిలిండర్ల గురించి, వాటిని అలా నిలబెట్టిన మనిషి గురించి నేను చెప్పాలనుకుంటున్నాను. ఆ మనిషి ఏ రాజ్యానికీ వారసుడు కాడు, పొట్టకూటి కోసం పేపర్లు అమ్మిన పిల్లాడు.

హెన్రీ రాయిస్ 1863 మార్చి 27న ఇంగ్లండ్‌లో పీటర్‌బరో దగ్గర ఆల్వాల్టన్ అనే పల్లెలో పుట్టాడు. ఐదుగురు పిల్లల్లో ఆఖరివాడు. తండ్రి నడిపే పిండిమిల్లు దెబ్బతింది. కుటుంబం లండన్ చేరింది. హెన్రీకి తొమ్మిదేళ్ళప్పుడు తండ్రి పోయాడు. పిల్లాడు పేపర్లు అమ్మాడు, తర్వాత టెలిగ్రాములు పంచాడు. బడికి వెళ్ళింది మహా అయితే ఏడాదో రెండేళ్ళో. ఒక బంధువురాలు ఏడాదికి 20 పౌండ్లు కట్టి పీటర్‌బరో రైల్వే వర్క్‌షాపులో అప్రెంటిస్‌గా చేర్పించింది. మూడేళ్ళకు ఆమె దగ్గర డబ్బు అయిపోయింది, శిక్షణ సగంలో ఆగింది. కానీ అప్పటికే చేతికి పని అబ్బింది. లీడ్స్‌లో పనిముట్లు తయారుచేసే చోట కొన్నాళ్ళు, లండన్‌లో కరెంటు కంపెనీలో కొన్నాళ్ళు పనిచేస్తూ సాయంత్రం క్లాసుల్లో విద్యుత్తు గురించి నేర్చుకున్నాడు.

1884లో తన దగ్గరున్న 20 పౌండ్లు, స్నేహితుడు ఎర్నెస్ట్ క్లేర్‌మాంట్ తెచ్చిన 50 పౌండ్లతో మాంచెస్టర్ కుక్ స్ట్రీట్‌లో చిన్న వర్క్‌షాపు పెట్టారు. మొదట ఎలక్ట్రిక్ కాలింగ్ బెల్లులు, తర్వాత డైనమోలు, ఆపైన క్రేన్లు. పనిలో పడితే ఆయనకు తిండి ధ్యాస ఉండేది కాదు. రాత్రీ పగలూ తేడా ఉండేది కాదు. ఈ మాట గుర్తుంచుకోండి, దీని బాకీ తర్వాత తీర్చాల్సి వచ్చింది.

నలభై ఏళ్ళు వచ్చే వేళకు ఒక పాత ఫ్రెంచి కారు, డెకోవిల్, కొన్నారు. అది చేసే చప్పుడు, అదురు ఆయనకు నచ్చలేదు. విప్పి చూసి, ఇంతకన్నా బాగా నేనే చేస్తానని మొదలుపెట్టారు. 1904 ఏప్రిల్‌లో ఆయన రెండు సిలిండర్ల కారు రోడ్డెక్కింది. మే 4న మాంచెస్టర్ మిడ్‌లాండ్ హోటల్‌లో చార్ల్స్ రోల్స్‌ని కలిశారు. రోల్స్ ప్రభువుల బిడ్డ, కేంబ్రిడ్జిలో చదివినవాడు, లండన్‌లో కార్లు అమ్మేవాడు. ఈయన చేసిన కార్లన్నీ తానే అమ్ముతానని ఒప్పుకున్నాడు. 1906లో రోల్స్ రాయిస్ కంపెనీ పుట్టింది.

అసలు కథ ఇక్కడే ఉంది. అప్పటికి ఆరు సిలిండర్లంటే కొత్త మోజు. లెక్క ప్రకారం చాలా అందమైన ఇంజన్. ఒక్కో సిలిండర్ రెండు చుట్లకోసారి శక్తినిస్తుంది కాబట్టి, ఆరు ఉంటే ప్రతి మూడో వంతు చుట్టుకీ ఒక తోపు అందుతుంది. ఒకదాని శక్తి తగ్గేలోపే ఇంకొకటి అందుకుంటుంది. పిస్టన్ల కదలికలు కూడా ఒకదాన్నొకటి సరిచేసుకుంటాయి. కాగితం మీద ఇంత చక్కగా ఉన్నా, రోడ్డు మీద క్రాంక్‌షాఫ్టులు విరిగిపోయేవి. రాయిస్ మొదటి ఆరు సిలిండర్ల కారు, 30 హార్స్‌పవర్‌ది కూడా ఈ జబ్బుతోనే బాధపడింది.

కారణం చెప్పాలంటే నాకు మా డిగ్రీ ఫిజిక్స్ ల్యాబు గుర్తొస్తుంది. సోనోమీటర్ తీగ మీద చిన్న కాగితం ముక్క మడిచి పెట్టి, శృతిదండాన్ని మోగించి ఆనించేవాళ్ళం. తీగ పొడవు సరిగ్గా కుదిరిన చోట కాగితం ఎగిరి కిందపడేది. అదే అనునాదం. ఆరు సిలిండర్ల క్రాంక్‌షాఫ్టు పొడుగు. ఒక్కో తోపుకీ తడిబట్టని పిండినట్టు కాస్త మెలిపడి, మళ్ళీ విప్పుకుంటుంది. ఆ మెలికల వేగం, తోపుల వేగం కలిసినప్పుడు ఉక్కు కూడా ఆ కాగితం ముక్కలాగే ఓడిపోతుంది.

రాయిస్ కొత్త ఇంజన్ గీశారు. షాఫ్టుని లావు చేశారు. సిలిండర్లను జంటలుగా కాకుండా మూడేసి చొప్పున రెండు దిమ్మెలుగా పోతపోయించారు. వెనక సగం ముందు సగానికి అద్దంలో ప్రతిబింబంలా ఉంటుంది. షాఫ్టుకి ఏడు చోట్ల బేరింగులు పెట్టి, మధ్యది పెద్దది చేశారు. నూనె దానంతటది కారి అందాలని వదిలేయకుండా, పంపుతో ఒత్తిడి మీద బేరింగులకు పంపారు. 7,036 సీసీల ఆ ఇంజన్ ఇచ్చింది 48 హార్స్‌పవర్లే. ఇప్పటి ఒక లీటరు చిన్న కారు అంతకన్నా ఎక్కువే ఇస్తుంది. కానీ నిమిషానికి సుమారు 1,200 చుట్ల దగ్గరే ఆ బలమంతా వచ్చేది. గేర్లతో కుస్తీ పట్టకుండా తాపీగా సాగిపోవడానికి కావలసింది అదే.

1906 నవంబరులో లండన్ ఒలింపియా ప్రదర్శనలో ఈ 40/50 మోడల్‌ని చూపించారు. వెండిరంగు వేసిన ఒక కారుకి సిల్వర్ ఘోస్ట్ అని పేరుపెట్టారు, అదే మోడల్ అంతటికీ స్థిరపడింది. 1907లో దాన్ని లండన్, గ్లాస్గోల మధ్య తిప్పుతూనే ఉన్నారు. 629 మైళ్ళ దగ్గర పెట్రోలు కుళాయి అదురుకు తనంతట తాను మూసుకుని ఆగింది. ఆ తర్వాత ఆదివారాల విరామం తప్ప, 14,371 మైళ్ళ దాకా మొరాయించలేదు. తర్వాత మొత్తం విప్పి చూస్తే, మార్చిన భాగాల ఖర్చు రెండు పౌండ్ల పైచిలుకే. 1911లో మరో కారు లండన్ నుంచి ఎడిన్‌బరోకి టాప్ గేరులోనే వెళ్ళింది, గాలన్‌కి 24 మైళ్ళిచ్చింది. 1926 వరకూ 7,800కు పైగా తయారయ్యాయి.

ఆ బాకీ ఇప్పుడు వచ్చింది. 1910 జులైలో రోల్స్ విమాన ప్రమాదంలో పోయాడు. మరుసటి ఏడు రాయిస్ మంచాన పడ్డారు, 1912లో పెద్ద ఆపరేషన్ అయింది. భార్య మిన్నీతో కాపురం ఆ రోజుల్లోనే విడిపోయింది. నర్సు ఎథెల్ ఆబిన్ సంరక్షణలో, చలికాలం దక్షిణ ఫ్రాన్సులో, మిగతా రోజులు ఇంగ్లండ్ సముద్రతీరంలో గడిపారు. డెర్బీలోని సొంత ఫ్యాక్టరీకి దూరమైపోయారు. డ్రాయింగులు మాత్రం ఇంటి నుంచే వెళ్ళేవి. మొదటి ప్రపంచ యుద్ధంలో ఆయన చేసిన ఈగిల్ విమాన ఇంజనూ ఆరేసి సిలిండర్ల రెండు వరుసలే. 1919లో ఆల్కాక్, బ్రౌన్ ఆగకుండా అట్లాంటిక్ దాటింది ఆ ఇంజన్లతోనే. 1930లో ‘సర్’ బిరుదు వచ్చినా తనను మెకానిక్ అనే చెప్పుకున్నారు. 1933 ఏప్రిల్ 22న వెస్ట్ విటరింగ్‌లో పోయారు. ఆయన ఉండగా మొదలైన మెర్లిన్ ఇంజన్ ఆ అక్టోబరులో తొలిసారి తిరిగింది. అది స్పిట్‌ఫైర్లను ఎగరేసింది.

మన ఇళ్ళల్లో బొమ్మ విప్పిన పిల్లాణ్ణి తిడతాం, మార్కులు తెచ్చినవాణ్ణి మెచ్చుకుంటాం. రాయిస్ జీవితం చదివాక, విప్పినవాడి చేతికి ముందు స్క్రూడ్రైవర్ ఇవ్వాలనిపించింది. తిరిగి బిగించేదాకా పక్కన కూర్చోవాలనిపించింది. అయితే భోజనం వేళకు కంచం ముందుకి లాక్కొచ్చే బాధ్యత కూడా నాదే. షాఫ్టు ఎక్కడ విరుగుతుందో ముందే పసిగట్టగలిగిన మనిషి తన ఒంట్లోని అదురుని మాత్రం వినలేదు. ఇంట్లో రాత్రి రెండింటి దాకా ల్యాప్‌టాప్ ముందు కూర్చునేవాళ్ళుంటే, ఈ కథలో ఆ ముక్క కూడా చదివి వినిపించండి.