సంతకం లేని ఉత్తరాలకు జంకని షోయబుల్లా ఖాన్

నిర్మల్‌లో మా వద్ద ఉర్దూ నేర్చుకొనే పిల్లలను ఒకనాడు, రజాకార్లంటే ఎవరో తెలుసా అని అడిగాము. దాదాపు అందరూ చేతులెత్తారు. ఖాసిం రజ్వీ పేరు కూడా ఇద్దరు ముగ్గురు చెప్పారు. షోయబుల్లా ఖాన్ ఎవరని అడిగితే మాత్రం ఒక్క చేయీ లేవలేదు. తప్పు పిల్లలది కాదు. వారికి చెప్పవలసిన పెద్దలం మనం చెప్పలేదు.

షోయబుల్లా ఖాన్ 1920 అక్టోబరు 17న వరంగల్ జిల్లా మానుకోట ప్రాంతంలోని సుబ్రవేడు గ్రామంలో జన్మించారు. తండ్రి హబీబుల్లా ఖాన్ రైల్వే పోలీసు ఉద్యోగి. కుమారుడు ఉస్మానియా విశ్వవిద్యాలయంలో బి.ఏ. చదివారు. ఆనాడు అక్కడ చదువంతా ఉర్దూలోనే సాగేది. ఆ పట్టా చేతిలో ఉన్న ముస్లిం యువకునికి నిజాం సర్కారులో మంచి నౌకరీ దొరకడం కష్టమేమీ కాదు. ఆయన మాత్రం పత్రికారచనను ఎంచుకున్నారు. మొదట 'తేజ్' వారపత్రికలో పనిచేశారు. ప్రభుత్వం దానిని మూయించింది. తర్వాత మందుముల నరసింగరావు గారి 'రయ్యత్' దినపత్రికలో చేరారు. దానికీ అదే గతి పట్టింది. చివరకు 1947 నవంబరులో సొంతంగా 'ఇమ్రోజ్' పత్రికను ప్రారంభించారు. ఫారసీలో ఇమ్రోజ్ అంటే 'నేడు' అని అర్థం. బూర్గుల రామకృష్ణారావు గారు తోడ్పడ్డారు. తల్లి, భార్యల నగలు కూడా ఈ పత్రిక కోసమే అమ్మారని చెబుతారు.

అవి ఎటువంటి రోజులో నేటి పిల్లలకు వివరించాలి. దేశానికి స్వాతంత్ర్యం వచ్చింది కాని హైదరాబాద్ సంస్థానం ఇండియన్ యూనియన్‌లో చేరలేదు. మజ్లిస్ నాయకుడు, లాతూరు వకీలు ఖాసిం రజ్వీ వెనుక వేలాది రజాకార్లు నిలిచారు. ఊళ్ళ మీద దాడులు, దోపిడీలు జరుగుతున్నాయి. ఇదంతా ముస్లింల మేలుకోసమేనని ప్రచారం. అటువంటి సమయంలో ఒక ముస్లిం సంపాదకుడు, ముస్లింలు చదివే ఉర్దూలోనే, ఇది అన్యాయమని వ్రాశాడు. 1948 జనవరి చివరలో వచ్చిన సంపాదకీయంలో, ఈ రాజ్యంలో పగలు ఏలేవారు ఒకరు, రాత్రి ఏలేవారు మరొకరు అనే అర్థంలో ఎత్తిపొడిచారు. పేరు చెప్పకపోయినా, రాత్రి ఏలేవారు ఎవరో చదివిన ప్రతివారికీ తెలుసు.

ఇక బెదిరింపు ఉత్తరాలు మొదలయ్యాయి. వ్రాతలు ఆపకపోతే ప్రాణం దక్కదన్నది వాటి సారాంశం. హిందువుల పక్షం వహించిన ద్రోహి అన్నది ఆయనపై వేసిన నింద.

ఇక్కడ మా సంగతి ఒకటి చెప్పుకోవాలి. చాలా ఏళ్ళ క్రితం మేము ఒక సభలో, ఆడపిల్లలను పదో తరగతికి ముందే బడి మాన్పించడం జుల్మ్ అని అన్నాము. వారం తిరగకముందే ఒక ఇన్‌లాండ్ ఉత్తరం వచ్చింది. నిండా తిట్లే, కింద పేరు లేదు. ఒక్క ఉత్తరమే, ప్రాణభయం కూడా లేదు. అయినా నెల రోజులపాటు మసీదులో సఫ్‌లో నిలబడినప్పుడల్లా, వ్రాసినది ఈ పక్కనున్నవాడేమో అన్న అనుమానం మమ్మల్ని వదలలేదు. పేరులేని ఉత్తరం చేసే అసలు కీడు అదే. సలాం చేసిన ప్రతి చేతినీ శంకించేలా చేస్తుంది. అంతకు నూరింతలు భయంకరమైనవి అందుకుంటూ షోయబుల్లా ఖాన్ రోజూ అర్ధరాత్రి దాకా పత్రిక పని చూసుకొని, కాచిగూడ వీధుల్లో నడిచి ఇంటికి వెళ్ళేవారు. జాగ్రత్తగా ఉండమని స్నేహితులు నచ్చజెప్పారు. ఆయన పట్టించుకోలేదు. ఇంట్లోవారు ఎలా నిద్రపోయేవారో అల్లాహ్‌కే తెలియాలి.

1948 ఆగస్టులో ఏడుగురు ముస్లిం ప్రముఖులు ఒక ప్రకటన చేశారు. సంస్థానం యూనియన్‌లో చేరడమే మేలని, రజాకార్ల ఆగడాలు ఆగాలని కోరారు. వారిలో ఫరీద్ మీర్జా మన పొరుగున ఉన్న నాందేడ్ ప్రాంతంలో తహసీల్దారుగా పనిచేసినవారు. రజాకార్ల దౌర్జన్యాలు చూసి ఉద్యోగం వదులుకున్నారు. ఆ ప్రకటనను 'ఇమ్రోజ్' ప్రచురించింది. ఆగస్టు 19న హైదరాబాద్‌లోని జమర్రుద్ మహల్‌లో జరిగిన సభలో, తమకు ఎదురు లేచే చేతులను నరికివేయాలని రజ్వీ ప్రసంగించాడు. ఉత్తరాల్లో పేరు లేకుండా వచ్చిన మాట ఇప్పుడు వేదిక మీదినుండి అందరి ఎదుటా వచ్చింది.

రెండు రోజులు గడిచాయి. ఆగస్టు 21 అర్ధరాత్రి దాటాక బావమరిది ఇస్మాయిల్ ఖాన్‌తో కలిసి ఇంటికి వెళ్తుండగా వెనుకనుండి కాల్చారు. పడిపోయిన తర్వాత చేయి నరికారు. అడ్డుకోబోయిన ఇస్మాయిల్ ఖాన్ చేతినీ నరికారు. ఆయన బ్రతికారు. షోయబుల్లా ఖాన్ మాత్రం 22 తెల్లవారుజామున కన్నుమూశారు. ఇన్నా లిల్లాహి వ ఇన్నా ఇలైహి రాజివూన్. వయసు ఇంకా 28 నిండలేదు. గోషామహల్ మాలకుంట ఖబరస్తాన్‌లో ఖననం చేశారు.

నెల తిరగకముందే సెప్టెంబరు 17న నిజాం లొంగిపోయాడు. తర్వాత ఉస్మానాబాద్, బీదర్, నాందేడ్, గుల్బర్గా వైపు జరిగిన హత్యాకాండలో, రజాకార్లతో ఏ సంబంధమూ లేని బీద ముస్లింలు వేలాదిగా ప్రాణాలు కోల్పోయారు. విచారించడానికి వెళ్ళిన పండిత్ సుందర్‌లాల్ బృందం తక్కువలో తక్కువ 27 నుండి 40 వేలమంది అని అంచనా వేసింది. ఆ నివేదిక దశాబ్దాలపాటు ప్రజలకు అందలేదు. ఖాసిం రజ్వీ జైలుశిక్ష అనుభవించి, 1957లో విడుదలై పాకిస్తాన్ వెళ్ళిపోయాడు. పారిపోయే దారి లేనివారు ఇక్కడే మిగిలారు. షోయబుల్లా ఖాన్ వ్రాసినది వారికోసమే.

ఈ సంగతి విన్న తర్వాత మా తరగతిలో ఒక బాలిక, ఆ ఉత్తరాలు వ్రాసినవారు ఎవరో తర్వాతైనా తెలిసిందా అని అడిగింది. ఆ ఉత్తరాల కింద పేర్లు లేవమ్మా అని చెప్పాము. 'ఇమ్రోజ్' మీద సంపాదకునిగా ఆయన పేరు మాత్రం రోజూ ఉండేది.