గుర్రపుశాల పనివాడి కొడుకు - సేనాని లజార్ ఓష్

ఫ్రెంచి విప్లవం అనగానే మనకు బాస్టిల్ కోట, నెపోలియన్ గుర్తుకు వస్తారు. పరీక్షలకు అంతవరకే చదువుతాం. నెపోలియన్ కంటే ముందే ఆ దేశ సైన్యంలో పేరు తెచ్చుకున్న పేదవాడి కొడుకు ఒకడున్నాడు. ఆయనే లజార్ ఓష్. పారిస్‌లో నేటికీ ఒక పెద్ద వీధి ఆయన పేరు మీద ఉంది.

ఓష్ 1768 జూన్ 24న వెర్సాయ్‌లో పుట్టాడు. తండ్రి రాజుగారి గుర్రపుశాలలో పనివాడు. చిన్నప్పుడే తల్లి పోయింది. పండ్లు, కూరగాయలు అమ్ముకునే బంధువు ఒకామె పెంచింది. 16వ ఏట సిపాయిగా చేరాడు. డ్యూటీ అయ్యాక బయట కూలిపనులు చేసి, ఆ డబ్బుతో పుస్తకాలు కొనుక్కునేవాడట.

ఎంత చదివినా ఆఫీసరు అయ్యే దారి లేదు. 1781లో వచ్చిన ఉత్తర్వు ప్రకారం నేరుగా ఆఫీసరు కావాలంటే నాలుగు తరాలుగా తమది ప్రభువుల వంశమని పత్రాలతో రుజువు చేయాలి. సర్టిఫికెట్ల కోసం ఆఫీసుల చుట్టూ తిరిగినవాళ్ళం కదా, ఇక్కడికి వచ్చేసరికి మేము పుస్తకం మూసి కాసేపు కూర్చున్నాం. మా సర్టిఫికెట్ మాకు హాస్టల్లో సీటు ఇప్పించింది. ఆ పత్రం ఓష్ లాంటివాళ్ళను బయటే నిలబెట్టింది.

1789లో విప్లవం వచ్చాక ఆ అడ్డు తొలగింది. ప్రభువంశపు ఆఫీసర్లు చాలామంది దేశం వదిలిపోయారు. 1793లో పాత సిపాయిల బెటాలియన్ ఒకటికి వాలంటీర్ల బెటాలియన్లు రెండు కలిపి కొత్త దళాలు కట్టాలని చట్టం చేశారు. ఆగస్టులో 18 నుంచి 25 ఏళ్ళ పెళ్ళికాని యువకులను సైన్యంలోకి పిలిచారు. విప్లవం నాటికి కార్పోరల్‌గా ఉన్న ఓష్ ఆ అక్టోబరులో మోసెల్ సైన్యానికి అధిపతి అయ్యాడు. అప్పటికి వయసు 25.

నవంబరులో కైజర్స్‌లౌటెర్న్ దగ్గర ప్రష్యా సైన్యం చేతిలో ఓడిపోయాడు. ఓడిన సేనానుల తలలు తీసిన రోజులవి. అయినా బెదరలేదు. నెల తిరిగేలోగా సైన్యాన్ని కూడదీసుకుని, డిసెంబరు 26న విస్సెంబూర్ దగ్గర గెలిచి, ఆస్ట్రియా సేనను రైన్ నది దాటించాడు. ఇంత చేసినా 1794లో అనుమానంతో జైల్లో పెట్టారు. రోబెస్పియర్ పడిపోయాకే బయటికి వచ్చాడు.

1795లో కిబెరోన్ దగ్గర ఒడ్డుకు దిగిన రాజు పక్షంవారిని ఓడించాడు. లొంగిపోయిన వారిలో సుమారు 700 మందిని ప్రభుత్వం కాల్పించింది. ఈ సంగతి దాచి ఆయన కథ చెప్పడం మాకు ఇష్టం లేదు. 1796 డిసెంబరులో సుమారు 15,000 మందితో ఐర్లాండుకు బయలుదేరాడు. తుఫానుకు ఓడలు చెదిరిపోయాయి. సైన్యం దిగనేలేదు.

1797 సెప్టెంబరు 19న జర్మనీలోని వెట్స్‌లార్‌లో జబ్బుతో చనిపోయాడు. అప్పటికి ఆయనకు 29 ఏళ్ళు. మాలో పీజీ చదివేవాళ్ళకంటే ఆరేళ్ళు పెద్ద, అంతే.