టింబక్టూ పండితుడు అహ్మద్ బాబా

సహారా ఎడారి దక్షిణపు టంచున, నైజరు నదికి చేరువలో టింబక్టూ నగరము కలదు. ఉత్తరమునుండి ఒంటెల బిడారులపై ఉప్పుపలకలును, దక్షిణమునుండి బంగారమును అచ్చటికి చేరెడివి. వానితోపాటు గ్రంథములును వచ్చెడివి. తాటియాకులపై గంటముతో వ్రాసినవి కావు. కాగితముపై సిరాతో వ్రాసి తోలు అట్టలలో భద్రపరచినవి. తక్కిన సరకులకంటె వీనిపైననే ఆ సంతలో లాభము హెచ్చని 16వ శతాబ్దపు యాత్రికుడు లియో ఆఫ్రికానస్ వ్రాసెను.

ఆ నగరమునకు తరతరములుగా ఖాజీల నిచ్చిన అఖీత్ వంశమున 1556లో అహ్మద్ బాబా జన్మించెను. ఆ వంశీయుడే యగు ఖాజీ అల్ ఆఖిబ్ సంకోరే మసీదును పునర్నిర్మించెను. మక్కాలో కాబా కొలతలను త్రాటితో తీసికొని వచ్చి, మసీదు ప్రాంగణమును ఆ కొలతలకే అమర్చెనని ప్రతీతి. అచ్చటి మసీదులు మట్టికట్టడములు. వాన కురిసినపుడెల్ల గోడలు కరగును. కావున పౌరులు మరల మరల మట్టిపూత వేయుచుందురు. గోడలనుండి వెలికి పొడుచుకొనివచ్చిన దుంగలే వారికి నిచ్చెనలు.

అహ్మద్ బాబా గురువు మహమ్మద్ బగయోగో. ఆయన ఎంతటి అరుదైన గ్రంథమునైనను అడిగినవారి కిచ్చి, తిరిగి అడుగువాడు కాడు. పుస్తకప్రియులలో ఇట్టి ఔదార్యము ఎచ్చటనైనను అరుదే.

1591లో మొరాకో సుల్తాను అహ్మద్ అల్ మన్సూర్ సైన్యము తుపాకులతో ఎడారి దాటి వచ్చి సోంఘాయి రాజ్యమును కూల్చెను. 1593లో నగర పండితులు బంధింపబడిరి. మరుసటి సంవత్సరము వారిని సంకెళ్లతో మరాకెష్ నగరమునకు నడిపించిరి. దారిలో ఒంటెపైనుండి పడి అహ్మద్ బాబా కాలు విరిగెను. ఆయన 1600 గ్రంథములు దోపిడి పాలయ్యెను. బంధువు లందరి గ్రంథాలయములలో తనదే చిన్నదని ఆయన చెప్పుకొనెడివాడట!

కొంతకాలమునకు సుల్తాను ఆయనను పిలిపించి, తెరవెనుకనుండి మాటాడ నారంభించెను. మానవునితో తెరచాటునుండి పలుకుట భగవంతునికే చెల్లునని, తనతో పని యున్నచో తెర తొలగింపవలెనని పండితుడు చెప్పెను. తెర తొలగెను. అప్పుడు తన గ్రంథములను దోచుటకును, తనను బంధించుటకును కారణ మడిగెను. ముస్లిముల నేకము చేయుటకని సుల్తాను పలుకగా, అట్లయిన చేరువనున్న తుర్కులతో ఏల ప్రారంభింపలేదని ప్రశ్నించెను.

1596లో చెర వీడినను నగరము విడుచుట కనుమతి లేదు. ఆయన మరాకెష్ మసీదులో పాఠములు చెప్పెను. విద్యార్థులు, న్యాయాధికారులు సైతము వినవచ్చిరి. మాలికీ ధర్మశాస్త్రజ్ఞుల చరిత్రమగు ‘నయ్ల్ అల్ ఇబ్తిహాజ్’ అచ్చటనే పూర్తియయ్యెను. ఇల్లు, గ్రంథములు కోల్పోయినవాడు పూర్వపండితుల పేళ్లు చెడిపోకుండ వ్రాసిపెట్టెను. ఉత్తరాఫ్రికాలో ఆ గ్రంథమునకు ప్రతులు వ్యాపించినవి.

సుల్తాను మరణానంతరము 1608లో ఆయన స్వదేశము చేరెను. 1615లో తువాత్ ఒయాసిస్సుల వారడిగిన ప్రశ్నకు బదులుగా, నలుపురంగు దాస్యమునకు హేతువు కాజాలదని, స్వేచ్ఛగా ఇస్లామును స్వీకరించినవారిని అమ్మరాదని తీర్పు వ్రాసెను. అయినను దాస్యమును సమూలముగా నిరాకరింపలేదు. అవిశ్వాసుల విషయమున నాటి శాస్త్రమునే అనుసరించెను. 1627లో టింబక్టూలో మరణించెను.

1973లో అచ్చట ఆయన పేర వ్రాతప్రతుల కేంద్రము వెలసెను. చెదలకును, ఇసుకకును చిక్కిన గ్రంథములను అది కుటుంబములనుండి సేకరించెను. 2012లో సాయుధ దళములు నగరము నాక్రమించి పుణ్యపురుషుల సమాధిమందిరములను పడగొట్టినవి. 2013 జనవరిలో వెడలిపోవుచు ఆ కేంద్రములో సుమారు 4000 వ్రాతప్రతులను తగులబెట్టినవి. కాని అంతకు పూర్వమే పౌరులు అత్యధిక భాగమును పెట్టెలలో దాచి, బండ్లపైనను పడవలపైనను రహస్యముగా బమాకో నగరమునకు చేర్చియుండిరి. 2015 నాటికి స్థానిక తాపీపనివారు సమాధిమందిరములను పాత పద్ధతిలోనే మట్టితో మరల కట్టిరి. 2025 ఆగష్టులో బమాకోనుండి వ్రాతప్రతుల పెట్టెలు విమానముపై టింబక్టూకు తిరిగి రాసాగినవి.