క్లోమంలో దీవులు చూసిన విద్యార్థి – పాల్ లాంగర్‌హాన్స్



ఇంటర్ బైపీసీ చదివిన ప్రతి ఒక్కరూ లాంగర్‌హాన్స్ పుటికలు అనే మాటను బట్టీ పట్టే ఉంటారు. నేను కూడా మన హాస్టల్ వరండాలో ట్యూబులైటు కింద కూర్చుని అలాగే బట్టీ పట్టాను. రెండు మార్కుల ప్రశ్న కదా! అది ఒక మనిషి పేరని కూడా అప్పుడు నాకు తెలియదు. పీజీలో చేరిన ఏడాది మా నాన్నకు షుగర్ వ్యాధి ఉందని బయటపడింది. అప్పుడే ఆ మనిషి గురించి వెతికి చదివాను. ఆయన జీవితం మన హాస్టల్ పిల్లలందరూ తెలుసుకోదగ్గదని ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

పాల్ లాంగర్‌హాన్స్ 1847 జూలై 25న జర్మనీలోని బెర్లిన్‌లో జన్మించారు. తండ్రి డాక్టరు. కాబట్టి ఆయన మనలాగా పేదరికంలో పుట్టినవారు కాదు. ఆ మాట దాచనవసరం లేదు. జేనా, బెర్లిన్ నగరాల్లో వైద్యవిద్య చదివారు. బెర్లిన్‌లో ఆయన గురువుల్లో ముఖ్యుడు రుడాల్ఫ్ విర్కో. ఆ కాలంలో ఆయనంతటి వ్యాధి శాస్త్రవేత్త మరొకరు లేరనే చెప్పాలి.

విద్యార్థిగా ఉండగానే 1868లో లాంగర్‌హాన్స్ చర్మాన్ని గోల్డ్ క్లోరైడ్‌తో రంగు పట్టించి, అందులో కొమ్మలు చాచినట్లున్న కొత్త కణాలను కనిపెట్టారు. అవి నాడీ కణాలని అనుకున్నారు. అది పొరపాటు. అవి వ్యాధి నిరోధక కణాలని చాలా కాలం తర్వాత తేలింది. అయినా ఆ కణాలకు ఆయన పేరే నిలిచింది.

మరుసటి ఏడాది, 1869లో, డాక్టరు పట్టా కోసం క్లోమం మీద సిద్ధాంత వ్యాసం సమర్పించారు. అప్పటికి ఆయన వయస్సు 21 ఏళ్లు. కుందేలు క్లోమాన్ని సూక్ష్మదర్శినిలో ఓపికగా పరిశీలిస్తే, జీర్ణరసం తయారుచేసే కణాల మధ్య అక్కడక్కడా వేరే రకం చిన్న కణాల గుంపులు కనిపించాయి. సముద్రం మధ్య దీవుల్లా ఉన్న ఆ గుంపులు మిల్లీమీటరులో పదో వంతు నుంచి పావు వంతు దాకా ఉంటాయి. అవి ఏం పని చేస్తాయో తనకు తెలియదని ఆ వ్యాసంలోనే ఒప్పుకున్నారు. తెలియనిది తెలియదని రాసి పట్టా తీసుకున్న ఆ నిజాయితీ నాకు ఎంతో నచ్చింది.

తర్వాత ఆయన పశ్చిమాసియా దేశాలు తిరిగారు, యుద్ధంలో వైద్యసేవ చేశారు, ఫ్రైబర్గ్ విశ్వవిద్యాలయంలో ఆచార్యులయ్యారు. అంతా బాగుందనుకునే సమయంలో 1874లో క్షయ వ్యాధి పట్టుకుంది. అప్పటికి దానికి మందు లేదు. ఉద్యోగం వదులుకుని 1875లో అట్లాంటిక్ మహాసముద్రంలోని మదీరా దీవికి వెళ్లిపోయారు. దీవులను కనిపెట్టిన మనిషి చివరికి ఒక దీవిలోనే బతకవలసి వచ్చింది. కానీ చేతులు ముడుచుకుని కూర్చోలేదు. ఫుంచాల్ పట్టణంలో క్షయ రోగులకు వైద్యం చేశారు. సముద్రపు పురుగులను పరిశోధించి వాటిలో ఒక ప్రజాతికి గురువు పేరు మీద విర్కోవియా అని పేరు పెట్టారు. 1885లో పెళ్లి చేసుకున్నారు. 1888 జూలై 20న మూత్రపిండాలు చెడిపోయి కన్నుమూశారు. ఇంకా అయిదు రోజులుంటే 41 ఏళ్లు నిండేవి.

ఆయన పోయిన మరుసటి ఏడాదే, 1889లో, మింకోవ్‌స్కీ, వాన్ మేరింగ్ అనే వైద్యులు కుక్కకు క్లోమం తీసేస్తే మధుమేహం వస్తుందని నిరూపించారు. 1893లో ఫ్రాన్సుకు చెందిన లగెస్ ఆ గుంపులకు లాంగర్‌హాన్స్ దీవులని పేరు పెట్టారు. 1921లో టొరంటోలో ఇన్సులిన్ దొరికింది. ఇవేవీ ఆయన చూడలేదు.

ఇక్కడ ఒక విచిత్రం ఉంది. గురువు విర్కో 1854లో శరీరంలో పేరుకునే ఒక పదార్థానికి అయోడిన్ తగిలితే పిండి పదార్థంలా రంగు మారడం చూసి, పిండి వంటిది అనే అర్థంలో అమిలాయిడ్ అని పేరు పెట్టారు. అది పిండి కాదు, ప్రోటీన్ వంటిదని 1859లోనే తేలింది. 1901లో అమెరికాలో యూజీన్ ఓపీ మధుమేహంతో చనిపోయినవారి క్లోమం పరిశీలిస్తే, ఆ దీవుల్లో గాజులాంటి పదార్థం పేరుకుని ఉంది. అది అమిలాయిడే. అంటే శిష్యుడు చూసిన దీవుల్లోనే గురువు పేరు పెట్టిన పదార్థం బయటపడింది!

అది ఏ ప్రోటీనో 1987లో తెలిసింది. దాని పేరు అమిలిన్. 37 అమైనో ఆమ్లాల చిన్న గొలుసు. ఇన్సులిన్‌ను విడుదల చేసే బీటా కణాలే దీన్నీ విడుదల చేస్తాయి. శరీరం ఇన్సులిన్ మాట విననప్పుడు బీటా కణాలు మరింత ఇన్సులిన్ తయారుచేయాలి, దాంతోపాటు అమిలిన్ కూడా పెరుగుతుంది. అలా పెరిగిన అమిలిన్ ఒకదానికొకటి అతుక్కుని, పోగులుగా గడ్డకట్టి, బీటా కణాలను దెబ్బతీస్తుంది. రెండో రకం మధుమేహం ఉన్న చాలామందిలో ఈ గడ్డలు ఉంటాయి. అయితే వ్యాధికి ఇవే మూలమా, వ్యాధి ముదిరాక వచ్చేవా అనే చర్చ ఇంకా ముగియలేదు. ఎలుకల అమిలిన్‌లో ప్రోలిన్ అనే అమైనో ఆమ్లం మూడు చోట్ల ఉండటం వల్ల అది గడ్డకట్టదు. ఆ కిటుకు ఆధారంగానే ప్రామ్లింటైడ్ అనే మందు తయారై 2005లో అమెరికాలో అనుమతి పొందింది.

మిత్రులారా, ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, మా నాన్న కూలి పని చేస్తాడు. షుగర్ అంటే తిని కూర్చునే వాళ్ల రోగమని, పండక్కి తప్ప తీపి ఎరగని తనకెందుకు వస్తుందని నవ్వేవాడు. నలుగురికీ తెలిస్తే పనికి పిలవరని రెండేళ్లు దాచాడు. కాలి పుండు ముదిరి ఒక వేలు తీసేశాక గానీ మాకు తెలియలేదు. ఇంట్లో మొదటి డిగ్రీ నాది. అదీ సైన్సు డిగ్రీ. అయినా నేను చదివిన రెండు మార్కుల ప్రశ్నకు, మా నాన్న కాలికి సంబంధం ఉందని నాకు తట్టనే లేదు. ఆ బాధ నన్ను ఇప్పటికీ వదలలేదు.

షుగర్ తప్పు చేసిన వాళ్లకు పడే శిక్ష కాదు. కంటికి కనిపించని దీవుల్లో నెమ్మదిగా జరిగే నష్టం. కాబట్టి ఈసారి సెలవులకు ఇంటికి వెళ్లినప్పుడు అమ్మానాన్నలను ప్రభుత్వ ఆసుపత్రికి తీసుకెళ్లి ఒక్కసారి రక్తపరీక్ష చేయించండి. మాత్రలు రాస్తే, బాగుందనిపించినా మాననివ్వకండి.

రేపు రాత్రి స్టడీ అవర్‌లో లాంగర్‌హాన్స్ పేరు వస్తే బట్టీ పట్టి వదిలేయకండి. మీ వయసుకు దగ్గరలో ఉన్న ఒక విద్యార్థి, తనకు అర్థం కానిదాన్ని కూడా శ్రద్ధగా చూసి, ఉన్నదున్నట్టు రాసిపెట్టాడని గుర్తు చేసుకోండి.

– మన హాస్టల్ పూర్వ విద్యార్థి, ఎమ్మెస్సీ