మెల్విన్ టోల్సన్

వాదమునందు గెలుపోటములను యుక్తియే నిర్ణయింపవలెను గాని వక్త మేనివన్నె గాదు. ఈ చిన్న సత్యమును లోకమునకు జూపుటకు ఒక యుపాధ్యాయుడెంత పాటుపడెనో, మన పాఠశాలా వాదసభలలో బాల్గొను విద్యార్థులెల్లరు నెరుగదగినది.

మెల్విన్ టోల్సన్ అమెరికాలోని మిస్సోరీ రాష్ట్రమున, మోబర్లీ పట్టణమునందు 1898వ సంవత్సరమున జన్మించెను. నల్లజాతివాడగు ఈతని తండ్రి మెథడిస్టు బోధకుడు. టోల్సన్ కాన్సాస్ నగరమున హైస్కూలు చదువు ముగించి, పెన్సిల్వేనియాలోని లింకన్ విశ్వవిద్యాలయమున 1923లో పట్టభద్రుడయ్యెను. పిమ్మట టెక్సాస్ రాష్ట్రమున మార్షల్ పట్టణమునందలి వైలీ కళాశాలలో ఉపాధ్యాయుడుగ జేరెను. అది నల్లజాతి విద్యార్థులకై మెథడిస్టులు 1873లో స్థాపించిన విద్యాలయము.

ఆ కాలమున ఆ దక్షిణరాష్ట్రములలో నల్లవారికి బడి వేరు, రైలుపెట్టె వేరు, భోజనశాల వేరు. మూకలు గూడి, విచారణ లేకయే వారిని జంపుటయు గలదు. అట్టిచోట తెల్లవారి కళాశాలలు వారితో నొకే వేదికపై నిలిచి వాదించుట యరుదు.

1924లో టోల్సన్ తన కళాశాలయందొక వాదసంఘమును స్థాపించెను. సాయంకాలములందు శిష్యులను దన యింటికి బిలిచి, ప్రతిపక్షులు చేయదగు ఆక్షేపణలను ముందుగనే యూహించి, వానికి సమాధానములను వల్లెవేయించెడివాడు. 1930లో చికాగో నగరమున ఆ జట్టు మిషిగన్ విశ్వవిద్యాలయపు న్యాయశాస్త్ర విద్యార్థులతో వాదించెను. అందు హెన్రియెట్టా బెల్ అను విద్యార్థినియు నుండెను.

1935లో వైలీ జట్టు, మిక్కిలి ప్రఖ్యాతి గాంచిన దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు జట్టును జయించెను. అయినను వారికి బిరుదు దక్కలేదు. ఏలయన, పోటీలను నడుపు జాతీయసంఘము నల్లవారిని సభ్యులుగ జేర్చుకొనకుండెను. రెండవ ప్రపంచయుద్ధము ముగిసిన పిదపగాని యా తలుపు తెరువబడలేదు. 2007లో ఈ వృత్తాంతము చలనచిత్రమైనపుడు ప్రతిపక్షమును హార్వర్డుగ మార్చిరి.

బిరుదు రాకున్నను విద్య వ్యర్థము గాలేదు. ఈతని శిష్యుడు జేమ్స్ ఫార్మర్ 1942లో జాతిసమానత్వమునకై స్థాపింపబడిన సంఘమునకు మూలపురుషులలో నొకడయ్యెను. మరియొక శిష్యుడు హెమన్ స్వెట్, జాతికారణమున టెక్సాస్ విశ్వవిద్యాలయపు న్యాయకళాశాల ప్రవేశము నిరాకరింపగా, వ్యాజ్యెమాడి 1950లో అత్యున్నత న్యాయస్థానమున జయమందెను. నాడు వాదసభలో నలవడిన ధైర్యమే న్యాయసభలోను వారికి దోడయ్యెను.

టోల్సన్ కవియు నయ్యెను. 1947లో లైబీరియా దేశమాతనిని ఆస్థానకవిగ గౌరవించెను. ఆ యేటనే యోక్లహోమా రాష్ట్రమునందలి లాంగ్‌స్టన్ విశ్వవిద్యాలయమునకు బోయి, ఆ పట్టణమునకు మేయరుగను బనిచేసి, 1966లో గీర్తిశేషుడయ్యెను.

విద్యార్థులారా! వాదసభలో గెలుచుట మేలే. కాని సభ యారంభింపకమున్నే మీరొకసారి చుట్టును జూడుడు. మాటాడగలిగియు వేదిక యెక్కనోచనివారెవరైన వెలుపల నిలిచియున్నచో, వారికి జోటిచ్చుటయే మొదటి గెలుపు.